అరసవల్లి లాంటి ఊళ్లో బళ్లు, బాటలు: ముందు లెక్క, తర్వాత సున్నం గీత, ఆఖరున సిమెంటు

చిన్న యాత్రా పట్టణాల్లో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఒకే కారణంతో. సిమెంటు ముందు పోసేస్తారు, బళ్లు ఎటు తిరుగుతాయో తర్వాత చూస్తారు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, కళింగపట్నం బీచి, అటు రామతీర్థం, ఎక్కడైనా పని చేసే క్రమం ఒకటే. బళ్లు లెక్కపెట్టాలి, సున్నం గీతలు, డ్రమ్ములతో రెండు మూడు ఆదివారాలు నడిపి చూడాలి, కుదిరాకే రాయి పరచాలి. మున్సిపల్ ఇంజనీరింగ్ వాళ్లకి, దేవస్థానం సిబ్బందికి, పంచాయతీ కార్యదర్శులకి పనికొచ్చేలా ఆ క్రమంలోనే చెబుతున్నాం.

బళ్ల లెక్క

ఒక మామూలు బుధవారం, రెండు ఆదివారాలు లెక్కిస్తే చాలు. ఇద్దరు మనుషులు, ఒక అట్ట, ఒక పట్టిక. అరగంటకోసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఆగి ఉన్న ప్రతి బండి నెంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకోవాలి. వరసగా మూడు రౌండ్లలో అదే నెంబరు పడితే ఆ బండి కనీసం గంట ఉన్నట్టు. ఇలా రాస్తే చాలా ఊళ్లలో బయటపడే సంగతి ఏమిటంటే, గుడికి బాగా దగ్గరున్న చోట్లు భక్తులకు దొరకడం లేదు. కొట్ల వాళ్లు, ఉద్యోగులు పొద్దున బండి పెట్టి సాయంత్రం తీస్తారు. తొమ్మిది గంటలు కదలని ఇరవై కార్లను వెనక వీధికి పంపించగలిగితే, గంటన్నర ఆగే భక్తుల కార్లు అదే చోట రోజుకి 120 దాకా పడతాయి. కొత్తగా గజం నేల కూడా కొననక్కర్లేదు. అందుకే పార్కింగ్ స్థలం వెతకడానికి ముందు ఈ పట్టిక రాయమనేది.

ఎంత స్థలం కావాలో చెప్పే సూత్రం తేలిక: గంటకు వచ్చే బళ్లని, ఒక్కో బండి ఆగే గంటలతో గుణించాలి. గంటకు 120 కార్లు వచ్చి సగటున గంటన్నర ఆగితే ఒకేసారి 180 కార్లు నిలబడి ఉంటాయి. నూటికి 85 వంతులు నిండగానే డ్రైవర్లు ఖాళీ కోసం చక్కర్లు కొట్టడం మొదలెడతారు కాబట్టి 180ని 0.85తో భాగించండి, 212 చోట్లు వస్తాయి. తిరిగే దారితో కలిపి కారుకి 25 చదరపు మీటర్లు వేస్తే 5,300 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరా ముప్పై సెంట్లు. అదే దర్శనం క్యూ, ప్రసాదం కౌంటరు సర్ది, ఆగే సమయం గంటకు తగ్గించగలిగితే 87 సెంట్లు సరిపోతుంది. క్యూ సర్దడం కూడా పార్కింగ్ పనే.

గీతల కొలతలు: కారుకి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. బైకుకి 1 మీటరు, 2 మీటర్లు. ఒక కారు చోట్లో అయిదు బైకులు హాయిగా పడతాయి. వీల్‌చైరు దిగాల్సిన కారుకి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి, అది గుడి దారికి అన్నిటికంటే దగ్గరగా ఉండాలి. పెద్ద బస్సు పొడవు 12 మీటర్లు, అది మలుపు తిరగడానికి కావలసిన చోటు అంతకంటే ఎక్కువ. కార్లతో కలిపి పెడితే ఒక్క బస్సు బయటికి రావడానికి పది కార్లు కదలాలి. బస్సులకి వేరే స్థలం, వేరే గేటు.

గేటు దగ్గరే జామ్

పార్కింగ్‌లో చోటున్నా రోడ్డు నిండిపోవడానికి కారణం సాధారణంగా గేటు. ఆశీలు వసూలు చేసే మనిషి టికెట్ చించి, చిల్లర వెతికేసరికి 40 సెకన్లు పడితే గంటకు 90 బళ్లే లోపలికి వెళతాయి. వచ్చేవి 120 అయితే గంటలో 30 కార్లు రోడ్డు మీద మిగిలిపోతాయి. కారుకి 6 మీటర్లు చొప్పున అది 180 మీటర్ల వరస. మందు చిన్నదే: గేటుని రోడ్డు అంచు నుంచి కనీసం 30 మీటర్లు లోపలికి జరపండి, లేదా బండి చోట్లో ఆగాక మనిషే వచ్చి డబ్బు తీసుకునేలా చేయండి. రుసుము 20, 50 లాంటి ఒక్క నోటు మొత్తంగా ఉండాలి, ఫోన్‌తో కట్టే కోడ్ గేటు దగ్గర కాకుండా లోపల స్తంభాలకి అంటించాలి. వేలం పాడుకున్న కాంట్రాక్టరు ఒప్పుకోకపోతే కుదరదు కనుక ఈ నిబంధనలన్నీ వేలం ప్రకటనలోనే రాయాలి.

బస్సులు, ఆటోలు

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సులో యాత్రకొచ్చే కుటుంబాల కోసం బస్టాపు దగ్గర నీడ, కూర్చునే అరుగు, మరుగుదొడ్డి ముందు కట్టాలి. అరుగు కట్టడానికి పార్కింగ్ కంటే చాలా తక్కువ అవుతుంది, ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది.

బస్టాపు కూడలి దాటిన తర్వాత ఉండాలి, ముందు కాదు. ముందుంటే ఆగిన బస్సు వెనక మలుపు బళ్లన్నీ ఇరుక్కుంటాయి. ఒక బస్సుకి 15 మీటర్ల నేరు భాగం వదలాలి. ఇరుకు వీధిలో కాలిబాటని కోసి బస్సుకి లోపలి జేబులా చోటు తీయొద్దు. ఆ చోట్లోకి ఆటోలు చేరతాయి, బస్సు మళ్లీ నడిరోడ్డు మీదే ఆగుతుంది.

ఆటో స్టాండు బస్టాపు దాటాక 10, 15 మీటర్ల దూరంలో, ఆరు ఆటోలకు మించకుండా గీయండి. మిగతావి పక్క వీధిలో వరసలో ఉండాలి, ఒకటి కదిలితే ఒకటి రావాలి. ఈ వరస పోలీసు నిలబడినంతసేపే నిలుస్తుందని కొందరంటారు. ఆటో యూనియన్ వాళ్లతోనే వరస మేస్త్రీని పెట్టించండి, అతనికి రోజుకూలి పార్కింగ్ ఆదాయం నుంచి ఇవ్వండి. అప్పుడు నిలుస్తుంది.

పార్కింగ్ గుడికి అర కిలోమీటరు దాటితే పెద్దవాళ్లు నడవలేరు, ఉచిత బస్సు తిప్పాలి. ఎక్కించుకుని, వెళ్లి, దించి, తిరిగి రావడానికి 25 నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకు 120 కార్లు, కారుకి నలుగురు చొప్పున 480 మంది. 40 మంది పట్టే బస్సు గంటకు 12 ట్రిప్పులు వేయాలి, అంటే అయిదు నిమిషాలకొకటి. 25ని 5తో భాగిస్తే అయిదు బస్సులు. మూడు బస్సులు పెట్టి సరిపెడితే జనం అవి వదిలేసి ఆటోలెక్కుతారు, ఉన్న మూడూ ఆ ఆటోల మధ్యలోనే ఇరుక్కుంటాయి.

వీధిని పంచడం

నలభై అడుగుల వీధి, అంటే 12 మీటర్లు. అటు 2, ఇటు 2 మీటర్లు కాలిబాట, 5.5 మీటర్లు రెండు వైపులా నడిచే రోడ్డు, ఒక పక్కన 2.5 మీటర్లు కార్ల వరస. సరిగ్గా సరిపోతుంది. ముప్పై అడుగుల వీధిలో కార్ల పార్కింగ్ ఆశ వదులుకోవాలి. రెండు పక్కలా 1.8 మీటర్ల కాలిబాట పోగా 5.4 మీటర్లు మిగులుతుంది. ఒకవైపు దారి చేసి 3.5 మీటర్లు బళ్లకి ఇచ్చి, మిగిలింది ఏటవాలుగా నిలిపే బైకులకి ఇవ్వచ్చు. ఆ 3.5 మీటర్లు అంబులెన్సుది, ఫైరింజనుది. పండగ రోజు కూడా అందులో కొబ్బరికాయల బుట్ట పెట్టనివ్వద్దు.

కాలిబాట వెడల్పు 1.8 మీటర్లు అంటే స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, కొట్టు మెట్లు పోగా మిగిలేది. ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మోకాలెత్తున కడితే ముసలివాళ్లు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. ఏటవాలు దిగుడుకి ప్రతి 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. రాత్రికి రాత్రి తారు గుట్ట పోసిన బ్రేకర్లు నడుములు విరగ్గొడతాయి తప్ప వేగం తగ్గించవు.

ఊరేగింపు వీధుల్లో ఇంకో జాగ్రత్త. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అంత పొడవైన మాను, దాని కొసన పూజారి. అలాంటి దారిలో డివైడరు, స్వాగత తోరణం, అడ్డంగా వైర్లు శాశ్వతంగా పెట్టకూడదు. గుంటలో నిలబెట్టి, పండగకి పీకి పక్కన పెట్టగలిగే ఇనుప బొలార్డులు (పొట్టి స్తంభాలు) చాలు.

కాలువ ముందు, రాయి తర్వాత

గుడి వీధి కాలువలో అడ్డుపడేది మట్టి ఒక్కటే కాదు. కొబ్బరిపీచు, పూలదండల దారం, అరటి ఆకులు కలిసి జల్లెడకి చుట్టుకుని గట్టిపడతాయి, మొదటి వానకే వీధి చెరువవుతుంది. నీళ్లు దిగే ప్రతి చోటా కాలువ మట్టం కంటే 30 సెంటీమీటర్లు లోతుగా గుంట కట్టి, చేత్తో లేపగలిగే మూత వేయాలి. జల్లెడ కడ్డీలు బండి నడిచే దిక్కుకి అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే సైకిలు చక్రం దిగుతుంది. వీధి మధ్య నుంచి అంచుకి ప్రతి మీటరుకి 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. పాత రోడ్డు చెక్కకుండా పొర మీద పొర వేస్తే వీధి లేచి, నీళ్లు గడపల్లోకి పోతాయి.

నీటి గొట్టం, కరెంటు కేబులు, ఇంటర్నెట్ గొట్టం, అన్ని శాఖలతో ఒకే రోజు వీధిలో నడిచి సంతకాలు తీసుకోండి. రోడ్డుకి అడ్డంగా 50 మీటర్లకొకటి ఖాళీ గొట్టం వేసి ఉంచితే రేపు ఎవరూ తవ్వరు.

పేవర్ బ్లాకులు నడకకైతే 60 మిల్లీమీటర్ల మందం, బళ్లు తిరిగేచోట 80. అడుగున ఇసుక 3, 4 సెంటీమీటర్లు మించకూడదు. నేల ఎగుడుదిగుడుని ఇసుకతో సర్దుకోవడమే బ్లాకులు కుంగడానికి మొదటి కారణం. రెండోది, గొట్టం పూడ్చిన మట్టిని ఒక్కసారిగా నింపేయడం. 15 సెంటీమీటర్లకొక పొర, ప్రతి పొరకీ నీళ్లు, దిమ్మిస. మూడోది అంచు కాంక్రీటు లేకపోవడం. రాయి పరిచే ముందు నిండు ట్రాక్టరు తిప్పి చూడండి, చక్రం గుర్తు పడితే మళ్లీ దిమ్మిస. సిమెంటు రోడ్డు వేస్తే ఆ రాత్రి దాటకముందే 4.5 మీటర్లకొక కోత, తడి గోనెలతో రెండు వారాల క్యూరింగ్. రథసప్తమి అయ్యాక మొదలెట్టి వానలకి ముందే ముగించాలి కాబట్టి ఎండలో పోత తప్పదు, తెల్లవారుజామున పోయండి.

తోపుడు బండ్లు

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే అయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లని లేపకూడదు. పట్టణ కమిటీలో నూటికి 40 మంది వ్యాపారులే ఉండాలి. మంచి చోటు పార్కింగ్ నుంచి గుడికి నడిచే దారి పక్కన. అక్కడ వ్యాపారం అవుతుంది కాబట్టి వాళ్లంతట వాళ్లే కదులుతారు. నీళ్ల కుళాయి, కొబ్బరి చిప్పల తొట్టి అక్కడే పెట్టాలి. గుడికి వెనక, ఎవరూ నడవని ప్లాటు చూపిస్తే వారంలో తిరిగి పాత చోటికే వస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు.

రథసప్తమి

మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద బళ్లని ఆపే ఉత్తర్వు నెల దాటకపోతే గెజిట్ అక్కర్లేదు, ఊళ్లో ప్రచారం చేస్తే చాలు. పార్కింగ్ చోట్లు నిర్ణయించేది 117. అరసవల్లిలో జనం అర్ధరాత్రి నుంచే వస్తారు, కాబట్టి ప్లాటులో లైట్లు, జనరేటరు ముందురోజు సాయంత్రమే వెలిగించి చూడాలి. ప్లాటు 85 వంతులు నిండగానే మళ్లింపు గేటు దగ్గర కాదు, వెనక కూడలిలో మొదలవ్వాలి. గేటు దగ్గర వెనక్కి తిప్పిన ప్రతి కారూ ఎదురొచ్చేవాటిని ఆపుతుంది. గేటు మనిషికి, కూడలి మనిషికి మధ్య నేరుగా ఒక వైర్‌లెస్ ఉండాలి.

బోర్డులు తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయించండి, సరిహద్దు అవతలి భక్తులు ఎక్కువ. 40 మీటర్ల నుంచి చదవాలంటే అక్షరం 10 సెంటీమీటర్లు ఉండాలి. మన వత్తులు కిందికి దిగుతాయి కనుక వరసల మధ్య ఎడం కూడా అంతే వదలమని పెయింటరుకి చెప్పాలి. కళింగపట్నంలో ఉప్పుగాలికి మామూలు ఇనుప స్తంభం నిలవదు, గాల్వనైజ్ చేసినదే వాడాలి. తుపాను సంగతి తెలిసిన తీరం కాబట్టి పునాది లోతు తగ్గించొద్దు.

పండగ మర్నాడు అదే పట్టికతో మళ్లీ లెక్కపెట్టి, గీతలు చెరిగినచోట్లు, కుంగిన బ్లాకులు గుర్తించండి. గీతల రంగుకి, వానలకి ముందు కాలువ గుంటల్లో పూడిక తీయడానికి ఖర్చు ప్రత్యేకంగా కావాలి. పార్కింగ్ వేలం సొమ్ములో కొంత వాటికే అని తీర్మానంలో రాయించి పెట్టుకోండి, లేకపోతే ఆ డబ్బు సాధారణ నిధిలో కలిసిపోతుంది.