‘నేనెవరు’ విచారణ ఇంట్లో ఎలా చెయ్యాలి

‘నేనెవరు, నేనెవరు’ అని జపించడమే రమణ మహర్షి చెప్పిన విచారణ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, ‘నేను’ అన్నది ఎక్కడి నుంచి లేస్తోందో లోపల వెతికి చూడటం అది. ఆ ఒక్క అపోహ వదిలితే మిగతాది ఎవరైనా చెయ్యొచ్చు.

పద్మాసనం అక్కర్లేదు. నాకు మోకాళ్ల నొప్పులు, కుర్చీలోనే కూర్చుంటాను. పాలవాడు రాకముందు, ఇల్లు లేవకముందు అయితే మంచిది. ఫోన్ వేరే గదిలో పెట్టండి. కాసేపు ఊపిరిని గమనించండి, బిగబట్టకండి. మనసు కొంత నెమ్మదిస్తుంది. అది సన్నాహం మాత్రమే, అక్కడే ఆగిపోకూడదు.

ఈలోగా ఓ ఆలోచన వస్తుంది. ‘గ్యాస్ బుక్ చెయ్యాలి’ అనుకుందాం. దాన్ని తరమొద్దు, దాని వెంట పోవద్దు. ‘ఇది ఎవరికి వచ్చింది?’ అని అడగండి. ‘నాకు’. ఆ ‘నాకు’ దగ్గర నిలబడండి. అసలు పనంతా అక్కడే. అంతవరకు గ్యాస్ మీదున్న ధ్యాస, అనుకుంటున్నవాళ్ల మీదకి మళ్లుతుంది. ‘ఈ నేను ఎవరు, ఎక్కడ లేస్తోంది?’ అని చూడండి. జవాబు మాత్రం చెప్పుకోకండి. ‘నేను ఆత్మను’, ‘నేను బ్రహ్మాన్ని’ అని ప్రవచనాల్లో విన్నది అప్పజెబితే అది ఇంకో ఆలోచన. అదెవరికి వచ్చిందో కూడా అడగాల్సిందే. నిజంగా చూస్తే ఒక్క క్షణం ఏ మాటా ఉండదు, ‘ఉన్నాను’ అన్న ఎరుక ఒక్కటే ఉంటుంది. ఉన్నంతసేపు అందులో ఉండండి. జారిపోతే బాధపడకుండా మళ్లీ అడగండి. చితిని ఎగదోసే కర్ర చివరికి ఆ చితిలోనే కాలిపోయినట్టు, ఈ ప్రశ్న కూడా కడకు మిగలదని మహర్షి చెప్పారు.

కునుకుని ధ్యానం అనుకోకండి. మనసు నిద్రలో అణగినా లేవగానే మళ్లీ మామూలే. వీధిలో చీపురు చప్పుడు వినిపిస్తూనే ఆలోచన లేకుండా ఉన్నారా, అది సరైన దారి. తల వాలిపోతుంటే లేచి మొహం కడుక్కోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పొద్దున్న మెలకువ వచ్చే క్షణం. పడుకునేముందే గుర్తుపెట్టుకుని, కళ్లు తెరవకుండా గమనించండి. ముందు ఊరికే మెలకువ. తర్వాత పేరు, ఊరు, వయసు, మోకాలి నొప్పి, నిన్న ఎవరో అన్న మాట ఒక్కొక్కటే వచ్చి అంటుకుంటాయి. వాటితోపాటే లోకమూ వస్తుంది. గాఢనిద్రలో ఇవేవీ లేవు, అయినా లేచి ‘హాయిగా పడుకున్నాను’ అంటాం. ఆ హాయి తెలిసింది ఎవరికి? లోకం నిజమా అబద్ధమా అని వాదించడానికి వచ్చినవాళ్లతో, ముందు చూసేవాడెవడో తేల్చుకోమనేవారు మహర్షి. ఎంత పుస్తకజ్ఞానం ఉన్నా ఈ ఒక్క క్షణాన్ని పట్టుకోకపోతే ఆ మాట మనకి అందదని నా గట్టి నమ్మకం.

జపం అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు. మా విజయనగరం జిల్లాలో, బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని ఎన్నో మంత్రాలు జపించి, ఇంకా తపస్సంటే ఏమిటో తెలియడం లేదని 1907లో అరుణాచలం కొండ మీద మహర్షి ఉంటున్న విరూపాక్ష గుహకి వెళ్లి ఆయన్ని అడిగారు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుందనీ, మంత్రం జపిస్తే ఆ నాదం పుట్టే చోటు చూసినా అంతేననీ, అదే తపస్సనీ జవాబు వచ్చింది. మీ శివనామమో రామనామమో నెమ్మదిగా అంటూ, మధ్యలో ఆపి, తర్వాతి నామం ఎక్కడి నుంచి లేస్తుందో చూడండి.

ఇక కోపం. కుర్చీలో కూర్చున్నప్పటికంటే అప్పుడే ‘నేను’ బాగా దొరుకుతుంది. ఇంట్లో ఎవరో మాట తూలారు, ఛాతీలో వేడి లేచింది, జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ‘దెబ్బ తగిలింది ఎవరికి?’ అని అడిగి ఒక్క ఊపిరి ఆగండి. ఆ తర్వాత కూడా చెప్పాల్సిన మాట ఉంటే చెప్పండి.