మ్యూజియంలో పాత కత్తిని పరిశీలించే పద్ధతి

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలోకి అడుగుపెట్టిన వారి చూపు సాధారణంగా కత్తి అలుగు (పదునుండే పొడవాటి లోహపు భాగం) మీదికే పోతుంది. ముందుగా పిడిని చూడాలి. దక్కను కత్తుల్లో పిడీ అలుగూ ఒకే చోట పుట్టాయని అనుకోవడానికి వీలు లేదు. అలుగు వెనుక చివర సన్నగా ఉండే తోకను బోలుగా ఉన్న పిడిలోకి దింపి, కరిగించిన లక్కతో బిగించేవారు కాబట్టి, పాత అలుగుకు కొత్త పిడి తొడగడం సులువైన పనే.

పిడి చివర పళ్లెంలాంటి గుండ్రని బిళ్ల ఉండి, అలుగు వంపు తిరిగి ఉంటే అది తల్వార్. దాని పట్టు మనకు చాలా ఇరుకుగా తోస్తుంది. ఆ ఇరుకును చూసి నాటివారి చేతులు చిన్నవని తీర్మానించడం తొందరపాటు. బిళ్ల మణికట్టుకు ఆనుకుని చేతిని బిగించి ఉంచడం వల్ల, లాగి కోసే దెబ్బకు ఆ పిడి బాగా ఒదుగుతుంది. బిళ్ల మీద మేకులాంటి కొమ్ము నిలబడి, అలుగు తిన్నగా, వెడల్పుగా ఉంటే అది ఖండా. రెండు చేతులతో కొట్టేటప్పుడు ఆ కొమ్మే రెండో చేతికి పట్టు. ముంజేతిని కప్పే లోహపు తొడుగు ఉన్నది పట్టా. స్థానికమైన పిడికి ఐరోపా నుంచి వచ్చిన తిన్నని అలుగు అమర్చినదాన్ని ఫిరంగీ అంటారు. దాని మీద రోమన్ అక్షరాలో, పరుగెత్తే తోడేలు గుర్తో కనిపించవచ్చు గానీ, పేరుపడిన గుర్తులను ఇతర చోట్ల కూడా అనుకరించేవారు కనుక ఆ ఒక్క ఆధారంతో నిర్ణయానికి రాకూడదు.

తరువాత ఒక పక్కకు జరిగి, వెలుతురు అలుగు మీద ఏటవాలుగా పడేలా నిలబడండి. నీటి అలల్లాంటి సన్నని చారలు కనిపిస్తే అది మూస ఉక్కు కావచ్చు. మూత బిగించిన మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, ఇనుమును కర్బనంతో కలిపి కరిగించి, నెమ్మదిగా చల్లార్చిన ఈ ఉక్కులో కర్బనం సుమారు 1 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. కమ్మరి దాన్ని తగినంత వేడి మీదే జాగ్రత్తగా సాగగొట్టినప్పుడు లోపలి కార్బైడ్ రేణువులు వరుసలు కడతాయి, ఆమ్లపు పూత వాటిని పైకి తేలుస్తుంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుమోసిన ఊరు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారు. అందువల్ల పక్కనున్న చీటీ మీద పర్షియా కత్తి అని ఉన్నా, అందులోని ఉక్కు తెలంగాణదై ఉండవచ్చు. అయితే చారలు లేనంత మాత్రాన అది మూస ఉక్కు కాదని చెప్పలేము, ఎందుకంటే శుభ్రం చేసే ఉత్సాహంలో వాటిని అరగదీసిన అలుగులు ఎన్నో ఉన్నాయి.

అలుగు పొడవునా ఉన్న గాడి రక్తం కారడానికి కాదు. బిగువు తగ్గకుండా బరువు తగ్గించడానికి. సినిమాల్లో కత్తి దూయగానే వినిపించే ఖంగుమనే చప్పుడు కూడా కల్పితమే, మన ఒరలు ఎక్కువగా తోలో మఖమలో తొడిగిన చెక్కవి. ఇక సినిమాలో 1323లో ముగిసిన కాకతీయుల కాలపు వీరుడి చేతిలో బిళ్ల పిడి తల్వార్ కనిపిస్తే సందేహించండి, ఆ రూపం మొగలుల కాలంలో వ్యాపించినది. అలాంటి చోట సినిమా కత్తిని మ్యూజియం కత్తితో కాకుండా, ఆ కాలపు వీరగల్లుల (వీరుల స్మారక శిలల) మీద చెక్కిన కత్తులతో పోల్చి చూడాలి.