పొద్దుగాల తెరుచుకోని టామ్‌క్యాట్: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

హన్మకొండలో సాయంత్రం పూట కొందరు పిల్లలకు జావా చెప్తాను. పగలు ఎనుమాముల మార్కెట్‌లోని కొన్ని అడ్తి (కమీషన్ మీద పంట అమ్మిపెట్టే) దుకాణాల తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. అది నడిచేది టామ్‌క్యాట్ మీద, అంటే జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ మీద. క్లాసులో పిల్లలు ఆగిపోయే చోట్లు, దుకాణాల నుంచి నాకు ఫోన్లు వచ్చే చోట్లు చాలావరకు ఒకటే. అవే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: సర్వర్ మొరాయించగానే రీస్టార్ట్ కొట్టకండి. ముందు లాగ్స్ ఫోల్డర్ తెరవండి, ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైళ్లు (లాగ్‌లు) అందులోనే ఉంటాయి. రీస్టార్ట్‌తో పని మళ్లీ నడవొచ్చు గానీ, ఎందుకు ఆగిందో చెప్పే థ్రెడ్లు (సర్వర్‌లో నడుస్తున్న పనులు), డేటాబేస్ కనెక్షన్లు అన్నీ దాంతోనే పోతాయి.

నల్ల విండో ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది

విండోస్‌లో స్టార్టప్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే జరిగేది ఇది. తప్పేమిటో ఆ విండోలోనే వస్తుంది, కానీ చదివేలోపే మూసుకుపోతుంది. అందుకే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లోకి వెళ్లి, 'కాటలీనా రన్' అని కొట్టండి. సందేశం కళ్ల ముందే నిలబడుతుంది.

పదింట ఎనిమిదిసార్లు అది జావా హోమ్ గురించే. జావా ఎక్కడుందో చెప్పే ఆ వేరియబుల్‌కు జేడీకే (జావా కిట్) ఫోల్డర్ వరకే ఇవ్వాలి. చాలామంది చివర బిన్ కూడా కలుపుతారు. అది తీసేయండి.

అది సరిగానే ఉంటే వెర్షన్ చూడండి. టామ్‌క్యాట్ 9కి జావా 8 చాలు, 10.1కి కనీసం 11 ఉండాలి, 11కి 17 ఉండాలి. లాగ్‌లో 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' అని వస్తే పక్కనున్న అంకె చదవండి: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. కోడ్ కంపైల్ చేసిన జావా కంటే దాన్ని నడిపే జావా పాతదన్న మాట.

'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్'

టామ్‌క్యాట్‌కు కావాల్సిన 8080 పోర్ట్‌లో ఇంకెవరో కూర్చున్నారు. ఒక్కోసారి అది మీరు ఇంతకుముందు చాలు చేసి మర్చిపోయిన టామ్‌క్యాటే. కాలేజీ ల్యాబుల్లో అయితే పాత ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉందేమో చూడండి. 10జీ, 11జీ రెండూ తమ వెబ్ పేజీ కోసం 8080నే తీసుకుంటాయి. విండోస్‌లో నెట్‌స్టాట్, లినక్స్‌లో ఎస్ఎస్ కమాండ్‌తో ఎవరి ప్రాసెసో తెలుస్తుంది. దాన్ని ఆపలేకపోతే కాన్ఫ్ ఫోల్డర్‌లోని సర్వర్ ఎక్స్ఎంఎల్ ఫైలులో కనెక్టర్ పోర్ట్ 8081 చేయండి. ఒకే మెషీన్‌లో రెండు టామ్‌క్యాట్‌లు నడపాలంటే అదే ఫైలులోని 8005 షట్‌డౌన్ పోర్ట్ కూడా మార్చాలి. అది మరిచిపోతే రెండోది లేచినట్టే లేచి వెంటనే పడిపోతుంది.

టామ్‌క్యాట్ లేచింది, అప్లికేషన్ మాత్రం 404 (పేజీ దొరకలేదు)

లాగ్‌లో 'ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ లిజనర్లు స్టార్ట్ కాలేదు' అనే అర్థంతో ఒక్క వాక్యమే ఉండి, కారణం కనబడదు. కొత్తవాళ్లు ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. అసలు కారణం కాటలీనా లాగ్‌లో రాదు, పక్కనే ఉన్న లోకల్‌హోస్ట్ పేరుతో, ఆ రోజు తేదీతో ఉన్న ఫైలులో ఉంటుంది. అది తెరిచి కిందికి పోండి. 'కాజ్డ్ బై' అనే వరసల్లో అన్నిటికంటే చివరిది చదవండి. మూలం అదే, పైనున్నవన్నీ దాని పర్యవసానాలు.

ఏ లాగ్‌లోనూ తప్పు లేకుండా 404 వస్తే నేను మొదట అడిగేది టామ్‌క్యాట్ ఎన్నో నంబరని. 10 నుంచి సర్వ్లెట్ (వెబ్ అభ్యర్థనకు జవాబిచ్చే జావా క్లాస్) ప్యాకేజీల పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. ల్యాబ్ నోట్సు చూసి రాసిన పాత కోడ్‌లో సర్వ్లెట్ అనోటేషన్ జావాఎక్స్‌దే ఉంటుంది. టామ్‌క్యాట్ 10 దాన్ని గుర్తుపట్టదు, తప్పని కూడా చెప్పదు, ఊరికే వదిలేస్తుంది. నేర్చుకునేటప్పుడు తేలిక దారి టామ్‌క్యాట్ 9 వేసుకోవడం. 10లోనే నడపాలంటే కోడ్‌లో ఇంపోర్టులు మార్చండి. లేదా వార్ ఫైలును (అప్లికేషన్ మొత్తం కట్టిన మూట) వెబ్‌యాప్స్‌లో కాకుండా 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అనే ఫోల్డర్‌లో పెట్టండి, టామ్‌క్యాటే మార్చుకుంటుంది.

ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్న పేజీ లినక్స్ సర్వర్‌లో 404 అంటే ఫైలు పేరులో పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి.

రోజూ పొద్దున మొదటి పేజీ ఎర్రర్, రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది

ఈ సమస్య నాకు బాగా గుర్తు. ఒక దుకాణం గుమాస్తా వారం రోజులు వరసగా ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దుగాల తెరిస్తే ఎర్రర్ కొడుతుంది. బంద్ చేసి చాలు చేస్తే మంచిగైతుంది." రీస్టార్ట్ అతనికి అలవాటైపోయింది. బయట రైతులు బస్తాల పక్కన నిలబడి ఉంటారు, అతని తొందర అర్థమవుతుంది. కానీ ఒకరోజు "తమ్మీ, ఇయ్యాల ముట్టకు, నేనొస్త" అని చెప్పి పోయి లాగ్ చూశాను. 'కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్' అని ఉంది.

ఏ పనీ లేకుండా పడి ఉన్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 28,800 సెకన్లకు, అంటే 8 గంటలకు తెంపేస్తుంది. దుకాణం సాయంత్రం మూసి పొద్దున తెరిచేసరికి అంతకంటే ఎక్కువే అవుతుంది. అప్లికేషన్‌లో ఒకే ఒక్క కనెక్షన్ తెరిచి, స్టాటిక్ వేరియబుల్‌లో దాచి, అన్ని పేజీలకూ అదే వాడారు. అవతలి కొస తెగిందని దానికి తెలియదు. రీస్టార్ట్ చేస్తే కొత్త కనెక్షన్ వస్తుంది కాబట్టి బాగైనట్టు కనబడుతుంది.

గడువు పెంచడం మందు కాదు. కాంటెక్స్ట్ ఎక్స్ఎంఎల్ ఫైలులో డేటాసోర్స్ రాసి కనెక్షన్ పూల్ (అడిగినవాళ్లకు ఇచ్చి తిరిగి తీసుకునే కనెక్షన్ల గుంపు) వాడండి. టామ్‌క్యాట్ జేడీబీసీ పూల్ ఎంచుకుంటే 'టెస్ట్ ఆన్ బారో'ను ట్రూ చేసి, వ్యాలిడేషన్ క్వెరీగా 'సెలెక్ట్ 1' ఇవ్వండి. అప్పుడు ప్రతి కనెక్షన్‌నూ బతికుందో లేదో చూసే ఇస్తుంది. డ్రైవర్ జార్ ఫైలును మాత్రం టామ్‌క్యాట్ సొంత లిబ్ ఫోల్డర్‌లో పెట్టాలి, పూల్‌ను నడిపేది టామ్‌క్యాట్ కదా.

గిరాకీ పెరగ్గానే పేజీ తిరుగుతూనే ఉంటుంది

ఫిబ్రవరి, మార్చిలో మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లోనే ఇది బయటపడుతుంది. ఎర్రర్ రాదు, సీపీయూ మీద భారం ఉండదు, పేజీ మాత్రం రాదు. జేడీకేతో వచ్చే జేస్టాక్ కమాండ్‌తో, ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే చిత్రం తీయండి. చాలా థ్రెడ్లు 'బారో ఆబ్జెక్ట్' దగ్గర ఆగి ఉంటే పూల్ ఖాళీ అయిందని అర్థం.

పైన చెప్పిన జేడీబీసీ పూల్ కాకుండా టామ్‌క్యాట్ మామూలుగా ఇచ్చే పూల్‌లో, మీరు వేరే చెప్పకపోతే, 8 కనెక్షన్లే ఉంటాయి. అవి అయిపోతే తర్వాతివాళ్లు ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటారు. తీసుకున్న కనెక్షన్‌ను ఎక్కడో ఒక పేజీ తిరిగి ఇవ్వట్లేదు, తరచుగా తప్పు జరిగినప్పుడు వెళ్లే దారిలో. 8ని 80 చేస్తే జబ్బు వాయిదా పడుతుంది, అంతే. 'లాగ్ అబాండన్డ్', 'రిమూవ్ అబాండన్డ్ ఆన్ బారో' రెండూ ట్రూ చేస్తే ఏ లైను తీసుకుని వదిలేసిందో లాగ్‌లో వస్తుంది. ఆ లైనును ట్రై-విత్-రిసోర్సెస్‌లోకి మార్చండి, పని అయ్యాక కనెక్షన్‌ను జావాయే మూసేస్తుంది.

తెలుగు పేర్లు పాడవుతున్నాయి

తక్‌పట్టీ మీద మిర్చి రకం 'చపాటా' అని ఉండాల్సిన చోట ఏమొచ్చిందో జాగ్రత్తగా చూడండి. మూడు రకాల పాడు ఉంటుంది, మూడింటికీ కారణాలు వేరు.

ఐదు ప్రశ్నార్థకాలు వచ్చాయా? చ, ప, దీర్ఘం, ట, దీర్ఘం, ఒక్కోదానికి ఒకటి. అంటే తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లోకి (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఎక్కడో మార్చారు, అసలు అక్షరం పోయింది. డేటాబేస్ టేబుల్, కనెక్షన్ యూఆర్ఎల్ రెండూ చూడండి. మైఎస్‌క్యూఎల్ 8 యూటీఎఫ్8ఎంబీ4తోనే వస్తుంది, 5.7 మామూలుగా లాటిన్1తో వస్తుంది. పోయిన పేర్లు తిరిగి రావు, మళ్లీ ఎక్కించాల్సిందే.

నెత్తిన గీతున్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, అదే పదేపదే వస్తోందా? అయితే సంతోషించండి, డేటా భద్రంగా ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో కనబడుతుంది. ఆ బైట్లను లాటిన్‌గా చదివితే ఇలా వస్తుంది. ఫామ్ నుంచి వచ్చిన పేరు ఇలా ఉంటే, మొదటి గెట్ పారామీటర్ కంటే ముందే క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టండి. టామ్‌క్యాట్‌తోనే వచ్చే ఎన్‌కోడింగ్ ఫిల్టర్‌ను వెబ్ ఎక్స్ఎంఎల్‌లో అన్ని ఫిల్టర్లకంటే ముందు రాస్తే ఇంకా మేలు, మరిచిపోవడం ఉండదు. పేజీలో మీరు రాసిన శీర్షికలే ఇలా ఉంటే జేఎస్పీ ఫైలులో పేజ్ ఎన్‌కోడింగ్ రాయలేదన్న మాట.

ఖాళీ పెట్టెలొస్తే అది ఎన్‌కోడింగ్ తప్పు కాదు. పీడీఎఫ్ తయారుచేసే సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదు.

ఫొటోలు సేవ్ కావు, లాగ్ ఏమీ చెప్పకుండా సర్వర్ చచ్చిపోతుంది

ఉబుంటు ప్యాకేజీగా వేసుకున్న టామ్‌క్యాట్ 9లో, ఫోల్డర్‌కు ఓనర్, పర్మిషన్ అన్నీ సరిగ్గానే ఇచ్చినా 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాని చుట్టూ కంచె కట్టింది. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్'తో 'రీడ్ రైట్ పాత్స్'లో మీ ఫోల్డర్ చేర్చండి.

చివరి లైను తర్వాత ఏమీ లేకుండా ప్రాసెస్ మాయమైతే జావా లాగ్‌లో వెతకడం దండగ. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చూడండి. మెమరీ చాలక లినక్స్ కెర్నెలే చంపి ఉంటుంది. సెట్ఎన్వ్ ఫైలులో గరిష్ఠ హీప్‌ను (జావా వాడుకునే మెమరీ) తగ్గించి రాయండి. 2 జీబీ మెషీన్ మీద డేటాబేస్ కూడా ఉంటే నేను 512 ఎంబీతో మొదలుపెడతాను.