రేస్ కారు సస్పెన్షన్‌కు విమాన బోల్ట్ ఎంచుకుని బిగించడం ఎలా?

విమానాలకు వాడే బోల్ట్ అనగానే అన్నిటికన్నా గట్టిదని అనుకుంటారు. అంత లేదు. ఏఎన్ రకం (అమెరికా సైన్యం, నౌకాదళం పెట్టుకున్న ప్రమాణం) స్టీలు బోల్ట్ తన్యబలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, కనీసం 1,25,000 పీఎస్ఐ, అంటే దాదాపు 860 మెగాపాస్కల్స్. బలాన్ని బట్టి గ్రేడు వేసి బజారులో అమ్మే బోల్టుల్లో 8.8 గ్రేడు కన్నా కాస్త ఎక్కువ, 10.9 కన్నా తక్కువ. మనం డబ్బు పెట్టేది థ్రెడ్ లేని ఆ నున్నటి కాడకు. కాడ పొడవును గ్రిప్ అంటారు. అది అంగుళంలో ఎనిమిదో వంతు తేడాలతో దొరుకుతుంది కాబట్టి, అడ్డంగా కోసే బలం థ్రెడ్ మీద కాకుండా నిండు కాడ మీదే పడేలా చూసుకోవచ్చు.

1. నంబరు చదవండి. ఏఎన్4-13ఏ తీసుకోండి. 4 అంటే అంగుళంలో 4/16, అంటే పావు అంగుళం మందం. గీత తర్వాతి 13లో మొదటి అంకె అంగుళాలు, రెండోది ఎనిమిదో వంతులు: 1 3/8 అంగుళాలు. చివరి ‘ఏ’ అంటే బోల్ట్ చివర స్ప్లిట్ పిన్ను బెజ్జం లేదని. ఇది నామమాత్రపు పొడవే. గ్రిప్‌ను పట్టికలోనే చూడాలి. దీనికి 15/16 అంగుళం, అంటే 23.8 మి.మీ.

2. మందం కొలవండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. రాడ్ ఎండ్ (సస్పెన్షన్ కడ్డీ చివరి కీలు) లోపలి బాల్ 9.5 మి.మీ., రెండు పక్కల స్పేసర్లు 3 చొప్పున, బ్రాకెట్ రేకులు 3 చొప్పున అనుకుందాం. మొత్తం 21.5. తల కింద 1.6 మి.మీ. ఏఎన్960 వాషర్ వేస్తే 23.1. నట్ కింద ఇంకొకటి వేస్తే 24.7. 23.8 దగ్గర ముగిసే కాడ నట్ వైపు వాషర్ లోపలే ఆగుతుంది. కావలసింది అదే.

తల కింది వాషర్ మరచిపోతే? మొత్తం 23.1 అవుతుంది, కాడ నట్ లోపలికి చొచ్చుకొస్తుంది. నట్ కాడకు తగిలి ఆగుతుంది, పానాకు బిగువు తెలుస్తుంది, కానీ జాయింటు వదులుగానే ఉంటుంది. పొట్టిదైన 12ఏ వేస్తే (గ్రిప్ 20.6) థ్రెడ్ బ్రాకెట్ రేకులోకి వచ్చి బెజ్జాన్ని రంపంలా అరగదీస్తుంది.

3. బెజ్జం. కాడ 6.25 నుంచి 6.32 మి.మీ. మధ్య ఉంటుంది. రెండు రేకులనూ కలిపి బిగించి 6 మి.మీ. డ్రిల్ వేసి, బెజ్జాన్ని కచ్చితమైన కొలతకు నున్నగా చేసే పావు అంగుళం రీమర్‌తో పూర్తి చేయండి. ఒట్టి డ్రిల్‌తో బెజ్జం గుండ్రంగా రాదు. అందులో ఎం6 (6 మి.మీ.) బోల్ట్ దూర్చి సర్దుకోవద్దు; మూడో వంతు మిల్లీమీటరు ఆడుతుంది.

4. నట్. చల్లగా ఉండే చోట నైలాన్ ఉన్న ఏఎన్365. దాని హద్దు 121 డిగ్రీల సెల్సియస్. బ్రేకులు, ఎగ్జాస్ట్ దగ్గర పూర్తి లోహపు ఏఎన్363. అసలు ఎగ్జాస్ట్ మీదే అయితే కాడ్మియం (తుప్పు పట్టనివ్వని లోహం) పూత ఉన్న ఈ బోల్ట్ పనికిరాదు: 232 డిగ్రీలు దాటితే కాడ్మియం స్టీలును పెళుసు చేస్తుంది. పూత విషం కూడా, గీకవద్దు, వెల్డింగ్ చేయవద్దు. ఫార్ములా ఎస్ఏఈ (విద్యార్థులు తయారుచేసిన రేస్ కార్ల పోటీ) కార్లలో నట్ దాటి కనీసం రెండు థ్రెడ్లు కనిపించాలి. స్ప్రింగ్ వాషర్‌నో, థ్రెడ్ జిగురునో అక్కడ లాకుగా ఒప్పుకోరు.

5. బిగింపు. థ్రెడ్‌కు నూనె వద్దు. బోల్ట్ తిరగకుండా పట్టుకుని నట్‌నే తిప్పండి. పావు అంగుళానికి 50-70 అంగుళ-పౌండ్లు, అంటే 5.6-7.9 న్యూటన్ మీటర్లు. 5/16కు 100-140. వాషర్‌ను తాకకముందే నట్ తిరగడానికి పట్టే బలాన్ని విడిగా కొలిచి దీనికి కలపాలి. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచ్‌తో ఇది కుదరదు, చిన్నది కావాలి.

నట్, బోల్ట్ చివర, బ్రాకెట్ మీదుగా ఒకే గీతగా పెయింట్ వేయండి. కారు తిరిగి వచ్చాక గీత విరిగి ఉంటే నట్ కదిలిందన్నమాట. విప్పిన నైలాన్ నట్ వేళ్లతోనే థ్రెడ్ చివరిదాకా తిరిగిపోతుంటే పారేయండి.