దర్శనం అయ్యాక, స్టీరింగ్ పట్టే ముందు

బ్రహ్మోత్సవాల నుంచి వైకుంఠ ఏకాదశి దాకా తిరుపతి దారులు నిండుగా ఉంటాయి. మాకు గట్టి వానలు పడేదీ ఆ నెలల్లోనే. రద్దీ, వాన, రాత్రి ప్రయాణం మూడూ కలిసే కాలం కాబట్టి కారు తీసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ముందుగా నిద్ర గురించి. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చే కుటుంబంలో కారు నడిపేది సాధారణంగా ఒక్కరే. రాత్రంతా నడిపి వస్తారు. అందరితో పాటు కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చుంటారు, క్యూలో నిలబడతారు. తెల్లవారుజామున లడ్డూలు చేతికి రాగానే, రేపు ఆఫీసుందని అప్పుడే బయల్దేరతారు. మిగిలినవాళ్లు చంద్రగిరి దాటకముందే నిద్రపోతారు. నడిపే మనిషి మాత్రం రెండు రాత్రుల అలసటతో మేలుకుని ఉండాలి! కాఫీ, పాటలు, ముఖాన నీళ్లు కాసేపే పనిచేస్తాయి. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. కునుకు పట్టినవారు బ్రేకు కూడా వేయలేరు, అందుకే ఆ ప్రమాదాలు అంత ఘోరంగా ఉంటాయి.

గది దొరకకపోతే పార్కింగులో కారులోనే, అద్దాలు కాస్త దించుకుని పడుకోండి. దారిలో రెప్పలు బరువెక్కినా, దాటి వచ్చిన ఊరు గుర్తుకు రాకపోయినా పెట్రోలు బంకులో ఆపి ఇరవై నిమిషాలైనా నిద్రపోవాలి. ఈ మాట నడిపేవారు తమంతట తాము అనరు, మొహమాటపడతారు. పక్క సీట్లో ఉన్నవాళ్లే అనాలి: ‘ఇంకో గంట పడుకుని వెళ్దాం, కొంప మునిగిపోదు’ అని. ఆ పక్క సీటు వాళ్లు నిద్రపోకూడదు కూడా.

ఇక కొండ దిగడం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. మలుపు వెంట మలుపు. మైదానంలో నడిపే అలవాటున్నవారు దిగుతున్నంతసేపూ బ్రేకు మీద కాలు తీయరు. సగం దిగేసరికి మాడు వాసన మొదలవుతుంది, చక్రాల దగ్గర సన్నగా పొగ కనిపిస్తుంది. బ్రేకు ప్యాడ్లు కాగిపోతే పట్టు తగ్గుతుంది. బ్రేకు ఆయిల్ పాతదై అందులో తేమ చేరి ఉంటే అది మరిగి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. దీనికి విరుగుడు గేరులో ఉంది. రెండో గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకును మలుపుకు ముందు ఒకసారి గట్టిగా వేసి వదలాలి. ఆటోమేటిక్ కారైతే తక్కువ గేరులో నిలిపే అమరిక వాడండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేయడం, ఇంజను ఆపడం ప్రాణాలతో చెలగాటం. ఇంజను ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం పోయి రెండూ బిగుసుకుంటాయి. వాసన వస్తే విశాలమైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. కాగిన చక్రం మీద నీళ్లు పోయకండి, డిస్కు వంకరపోతుంది.

దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం చాలాకాలంగా ఉంది. కొందరు వేగంగా దిగి, చెక్‌పోస్టుకు ముందు మలుపులో ఆపుకుని గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. నియమం దేనికో ఆలోచించరు, పైగా వెనుక వచ్చేవారికి అడ్డం. కోతుల కోసం ఆపడం కూడా అంతే.

తిరుమల దారుల్లో ఎదురు బండి రాదన్న భరోసా ఉంది. మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్లో అది లేదు. 2022 మార్చిలో రాత్రి వేళ అక్కడే నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. మలుపులో ఓవర్‌టేక్ వద్దే వద్దు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగేవారు దారి ఇవ్వాలి. పలమనేరు వైపు మొగిలి ఘాట్ దిగే లారీల వెనుక బాగా ఎడం ఉంచండి, వాటి బ్రేకులు ఏ స్థితిలో ఉన్నాయో మనకు తెలియదు.

వానల ముందు టైర్లు చూసుకోండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారమే ఆ టైరు పనికిరాదు. అంతవరకు ఆగకుండా ముందే మార్చడం నయం. నీరు నిలిచిన చోట స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేయండి. ముందు బండి దాటిన చోటికి మనం మూడు సెకన్ల తర్వాత చేరేంత దూరం మామూలుగా ఉంటే, వానలో దాన్ని రెట్టింపు చేయాలి. జోరువాన రోజుల్లో రెండో ఘాట్ ఎక్కే ముందు అలిపిరిలో దారి సంగతి అడగండి. 2021 డిసెంబరులో అక్కడ కొండచరియలు పడి రోడ్డు దెబ్బతింది.

పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు భక్తులు పుత్తూరు దారిలో రాత్రిళ్లు కూడా నడిచి వస్తుంటారు. ఎదురు లైట్ల వెలుగులో మనిషి అసలు కనిపించడు. ఆ దారిలో వేగం తగ్గించండి, ఎదురు బండికి లైట్లు డిమ్ చేయండి. ఫోను నడిపేవారి చేతిలో కాదు, వెనుక సీటువారి దగ్గర ఉండాలి.

వెనుక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవలసిందే. పసిబిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దెబ్బకు బిడ్డ తట్టుకోలేదు.

హైవేలో బండి ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎర్ర త్రిభుజాన్ని బాగా వెనక్కి పెట్టి, అందరూ దిగి రోడ్డు కమ్మీ అవతల నిలబడండి. కారులో కూర్చుని ఉండకండి. జాతీయ రహదారి సాయానికి 1033, అంబులెన్సుకు 108. వేరేవారికి ప్రమాదం జరిగినట్టు కనిపిస్తే ఆగి ఫోను చేయడానికి భయపడవద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయపడినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.