ఈత దుస్తులు ఇంట్లోనే కుట్టుకుంటున్నారా?

వారానికి మూడు నాలుగు రోజులు కొలనులో వ్యాయామం చేసేవారు ముందు బట్ట సంగతి చూసుకోండి. నైలాన్, స్పాండెక్స్ (రబ్బరులా సాగే పోగు) కలిసిన బట్ట ఒంటికి హాయిగానే ఉంటుంది కానీ క్లోరిన్ నీళ్లకు త్వరగా సాగిపోతుంది. నేను కుట్టుకున్న మొదటిది కొన్ని నెలలకే వెనుకవైపు పల్చబడింది. వెలుతురుకు పట్టి చూస్తే అవతల నా వేళ్లు కనిపించాయి! పాలిస్టర్, పీబీటీ (పాలిస్టర్‌లోనే సాగే ఒక రకం) కలిసిన సాగే బట్ట అంతకంటే ఎంతో కాలం మన్నుతుంది.

సూది మొన గుండ్రంగా ఉండాలి, మామూలు సూది బట్టకు చిల్లులు పెడుతుంది. పాలిస్టర్ దారంతో సన్నని జిగ్‌జాగ్ కుట్టు వేయండి. మామూలు తిన్నని కుట్టయితే నీళ్లలో మోకాలు పైకెత్తగానే పుటుక్కున తెగుతుంది. కుట్టాక అతుకును రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి.

కొలను నుంచి రాగానే మంచినీళ్లలో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరవేయండి.