చేయి బిగించకుండా క్రోషే: మొదటి కుట్టు ఇలా

క్రోషే అంటే కొక్కెం సూదితో దారం అల్లడం. నరసాపురం లేసు ఆ అల్లికే. దాన్ని చూసి ముచ్చటపడి, సన్న నూలుదారంతో మొదలుపెట్టేవాళ్లకు రెండో రోజుకే విసుగొస్తుంది. కుట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. ముందు లావు దారం, 4 మి.మీ. సూది తీసుకోండి. సూది సైజు సాధారణంగా దాని కాడ మీదే ఉంటుంది. తిరుపతి గాంధీ రోడ్డుకు వెళ్లినప్పుడు లేత రంగు దారపు ఉండ ఒకటి కొనుక్కోండి. నలుపు, ముదురు నీలం వద్దు, వాటిలో కుట్లు కనబడవు. ఇక్కడి ఎండలకు చెమట పట్టిన చేతిలో ఉలెన్ దారం సరిగా జారదు, నూలు దారమే నయం.

మన వైపు పూలు కట్టే అలవాటున్న చేతులు ఎక్కువ. పువ్వు రాలకుండా ప్రతి ముడినీ బిగించడం ఆ చేతులకు వచ్చిన విద్య. ఇక్కడ మాత్రం అదే అడ్డం. క్రోషేలో దారం వేళ్ల మీదుగా జారుతూ ఉండాలి. ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు వేసి, మధ్య రెండు వేళ్ల కిందుగా తెచ్చి, చూపుడు వేలి మీదుగా వదలండి.

జారుముడి వేసి సూదికి ఎక్కించండి. దారాన్ని సూది మీదుగా వెనక నుంచి ముందుకు తెచ్చి, కొక్కెంతో పట్టి ఆ ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు. మనం అల్లబోయే చిన్న చతురస్రపు గుడ్డకు అలా 16 వేయండి. సూది మీదున్న ఉచ్చునూ, మొదటి ముడినీ లెక్కపెట్టకండి. గొలుసు ముందువైపు చూస్తే సన్నటి జడలా ఉంటుంది.

ఇక అసలు కుట్టు, సింగిల్ క్రోషే. సూది పక్కనున్న గొలుసును వదిలేసి రెండోదాంట్లో సూది గుచ్చండి. దారం పట్టి బయటికి లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్లీ దారం పట్టి ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగండి, ఒకటే మిగులుతుంది. ఇలా గొలుసుకొక కుట్టు వేస్తూ చివరి గొలుసు దాకా వెళ్తే 15 కుట్లు. బ్రిటిష్ పద్ధతి పుస్తకాల్లో దీన్నే డబుల్ క్రోషే అంటారు. పేరు చూసి కంగారుపడకండి, అల్లిక నమూనా బొమ్మల్లో + గానీ × గానీ గుర్తుంటే ఇదే.

వరుస చివర ఒక గొలుసు వేసి అల్లికను తిప్పండి. ఆ గొలుసు కుట్టు కింద లెక్క కాదు. మొట్టమొదటి కుట్టులోనే, పైనున్న జడ పాయలు రెండింటి కిందుగా సూది పోవాలి. ఒక్క పాయలోనే గుచ్చితే వరుస మధ్య గీత పడుతుంది, అల్లిక వదులవుతుంది.

తప్పులు ఎక్కువగా అంచుల్లోనే జరుగుతాయి. గుడ్డ పైకి పోనుపోను సన్నబడుతోందంటే చివరి కుట్టు వదిలేస్తున్నారు. అది పక్కకు ఒరిగి దాక్కుంటుంది. వెడల్పవుతోందంటే తిప్పేటప్పుడు వేసిన గొలుసులో కూడా కుడుతున్నారు, లేదా ఒకే కుట్టులో రెండుసార్లు గుచ్చుతున్నారు. ప్రతి వరుసలో మొదటి కుట్టుకు ఒక పిన్నీసు తగిలించండి. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కుట్టు అదే. వరుస వరుసకూ 15 లెక్కపెట్టందే ముందుకు పోవద్దు.

అడుగు అంచు విల్లులా వంగితే గొలుసు బిగిసిపోయిందన్నమాట. మొదటి గొలుసు మటుకు 5 మి.మీ. సూదితో వేసి, తర్వాత 4కు మారండి. కుట్టులో సూది దూరనంటే ఉచ్చును సూది సన్నని మెడ దగ్గర బిగిస్తున్నారు. లావుగా ఉన్న కాడ మీదికి జరిపి లాగండి.

తప్పు కనబడితే మొహమాటపడకుండా ఊడదీయండి. సూది తీసి లాగితే కుట్లు ఒక్కొక్కటే వరసగా విడిపోతాయి, దారం మళ్లీ పనికొస్తుంది. పని మధ్యలో లేవాల్సి వస్తే ఆ ఒక్క ఉచ్చుకు పిన్నీసు పెడితే చాలు.

సింగిల్ క్రోషే కుట్టు ఎత్తు కంటే వెడల్పు కాస్త ఎక్కువ, కాబట్టి 15 వరుసలకు చతురస్రం రాదు. 17, 18 పడతాయి. గుడ్డను మడిచి ఎదురు మూలలు కలిపి చూసుకోండి. దారం ఆరంగుళాలు వదిలి కత్తిరించి, ఆఖరి ఉచ్చులోంచి లాగేయండి. కొసను పెద్ద బెజ్జం సూదితో కుట్లలోకి ఒకసారి అటు, ఒకసారి ఇటు దూర్చాలి. ఒకే దిక్కుగా దూరిస్తే రెండు ఉతుకులకే బయటికొస్తుంది. వేడి గిన్నె కిందికి పెట్టుకునేటట్టయితే నూలు దారంతో అల్లినదే వాడండి, యాక్రిలిక్ వేడికి కరుగుతుంది.